నీళ్ళ వెనక గడ్డ

భూపాల్ సంచి రాజకుమారి చంకలోనే ఉంది. పావుగంటగా ఆమె దాన్ని వదలలేదు.

"ఇయ్యి బిడ్డా. అండ్ల సామాన్లున్నయి," అన్నాడు భూపాల్ మూడోసారి.

"ఇయ్య."

"పొయ్యి మీద నీళ్ళు మరిగి సగమైనయి. నాకింక రెండిండ్లకు పోవాలె."

"పోరాదు మరి. సంచి రేపు పంపిస్త."

నవ్వాలో కోపం తెచ్చుకోవాలో భూపాల్‌కు తెలియలేదు. ఒకప్పుడు కాంపౌండరు. ఇప్పుడు గోదావరిఖనిలో ఓ షట్టరు గది తెరిచి సొంతంగా సూదులు వేస్తున్నాడు. సెంటినరీ కాలనీలో సగం ఇళ్ళకు జ్వరమొస్తే అతనే దిక్కు. జ్వరాలకు మంచివాడే. ఈ శనివారం పొద్దున మాత్రం వచ్చింది జ్వరానికి కాదు. రాజకుమారి మొగుడు వీరేందర్‌కు వరిబీజం ఉబ్బింది. అందులోని నీళ్ళు సూదితో లాగడానికి వచ్చాడు.

ఆ వీరేందర్ లోపలి గదిలో మంచం మీద కూర్చుని, ఈ గొడవ ఎవరిదో అన్నట్టు సెల్లు చూసుకుంటున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి, ఒక బిడ్డ తండ్రి. తన ఒంటి సంగతి తాను తప్ప ఇంట్లో అందరూ మాట్లాడుతుంటే నోరు మెదపడు.

"సంచి ఇయ్యమంటున్న," అన్నాడు మామ ఆగయ్య. "సోమారం మెడికల్. ఎర్కలేదా నీకు?"

"ఎర్కనే మామా. రెండేండ్ల సంది ఈ ఇంట్ల ఇంకో ముచ్చట లేదు గద."

ఆ మాట నిజమే. నడుము పోయి పనికి పనికిరాడని కంపెనీ ఆగయ్యను ఇంటికి పంపి రెండేళ్ళయింది. ఆయన బదులు కొడుకు బొగ్గుబాయిలోకి దిగాలి. దిగేముందు డాక్టర్లు ఒళ్ళంతా చూస్తారు. వరిబీజం కనిపిస్తే ఆపరేషన్ చేయించుకుని రమ్మని వెనక్కి పంపుతారు. మళ్ళీ పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ఈలోగా ఉంటున్న క్వార్టరు ఖాళీ చెయ్యమంటారేమోనని ఆగయ్యకు నిద్ర పట్టదు.

మెడికల్‌కు ముందు ఒళ్ళు సర్దుకోవడం ఆగయ్య ఎరిగిన వాళ్ళలో ఒక రివాజు. పదిరోజుల ముందు బీడీ మానేసినవాళ్ళున్నారు. కళ్ళ చార్టులో అక్షరాలు ఎవరినో అడిగి బట్టీ పట్టినవాళ్ళున్నారు. వరిబీజంలో నీళ్ళు తీయించుకుని పోవడం కూడా అలాంటిదే. నాలుగు వారాల్లో నీళ్ళు మళ్ళీ చేరతాయి. అప్పటికి నౌకరి చేతిలో ఉంటుంది. టీ కొట్టు దగ్గర నవ్వుతూ చెప్పుకునే సంగతి గనక అది తప్పని ఎవరికీ తోచదు.

"నాకు గాలేదా ఇది?" అన్నాడు ఆగయ్య. "డాక్టరు టార్చిలైటు పెట్టి చూసిండు. వెలుతురు అవతలికి దాటింది. నీళ్ళే అన్నడు. మొన్న తలుపులేసి వీనికి గూడ సెల్లు లైటు పెట్టి చూసిన. ఎర్రగ మెరిసింది. ఇంక డాక్టరెందుకు, నేను సరిపోనా?"

"వెనక దిక్కు గోలి లెక్క గట్టిగ తగుల్తుందట. ఆయననే అడుగు."

"నొప్పి లేదు," అన్నాడు వీరేందర్ లోపలి నుంచే.

"నొప్పి గురించి నిన్ను అడగలే," అంది రాజకుమారి.

అత్త సారవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పొయ్యి ఆర్పి వచ్చింది. ఏదో చెప్పాలన్నట్టు నోరు తెరిచి, కోడలి మొహం చూసి మూసుకుంది.

చివరికి రాజకుమారే దిగివచ్చింది. "ఒక్క మాట మామా. ఇయ్యాల డాక్టరుకు చూపెడదాం. కంపెనీ దవాఖానకు వద్దు, అక్కడ కాయిదాల మీద ఎక్కుతదని నీ భయం. ఖనిల ఉమేరా డాక్టరు దగ్గరికి పోదాం. ఉత్త నీళ్ళే అని ఆమె అంటే నేనే ఈ సంచి మోసుకపోయి భూపాలన్నకిస్త."

భూపాల్ లేచాడు. "రేపు ఐతారం పొద్దుగాల దాకా టైముంది ఆగయ్యన్నా. గప్పుడైతే సోమారానికి గుచ్చిన జాగ కనపడదు."

రాజకుమారి అప్పుడు సంచి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని మర్నాడు అనుకుంది.

*

పాపను పక్కింట్లో వదిలి నలుగురూ షేర్ ఆటో ఎక్కారు. వీరేందర్ చివర కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా తొడలు దగ్గరికి లాక్కున్నాడు. నొప్పి లేదన్న మనిషి అలా ఎందుకు కూర్చుంటాడని రాజకుమారికి ఒళ్ళు మండింది.

డాక్టరు గది బయట బోర్డు చదివాక అతను కదలలేదు.

"ఆడామెనా?"

"ఉమేరా అంటే మొగోడు అనుకున్నవా?"

"నేను చూపెట్ట. మొగ డాక్టరు ఎవ్వలు లేరా ఈ ఊర్ల?"

"ఉన్నరు. మొదాలే చెప్తే ఆయన దగ్గరికి పోదుము. నాలుగు నెల్ల సంది దాచిపెట్టుకున్నవ్, ఇప్పుడు ఎంచుకుంట కూసో."

పిలుపు వచ్చింది. వీరేందర్ లోపలికి పోయాడంటే అది ధైర్యం కాదు. వెనక కూర్చున్న వాళ్ళందరూ తననే చూస్తున్నారని సిగ్గేసి లేచాడు.

ఉమేరాకు నలభై అయిదు దాటి ఉంటాయి. కళ్ళద్దాలు తలపైకి నెట్టుకుని, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. అలా ఎత్తకపోవడం వీరేందర్‌కు మేలే చేసింది.

"ఎప్పటి సంది?"

"నాలుగు నెల్లు."

"ఒక్కసారిగ ఉబ్బిందా, మెల్లగనా?"

"మెల్లగ."

"దెబ్బ గిట్ల తాకిందా? జ్వరం, మూత్రంల మంట?"

"లేవు."

"పండుకుంటే తగ్గుతదా? దగ్గితే పెద్దగైతదా?"

"లేదు. ఎప్పుడూ ఒక్కతీర్గనే. జర బరువుగుంటది."

"పిల్లలు?"

"ఒక పాప."

"సరే. పరదా అవతల పండుకో తమ్ముడూ. నీ భార్య ఉండాల్నా, బయటికి పోవాల్నా? నువ్వే చెప్పు."

వీరేందర్ రాజకుమారి వైపు చూడకుండా, "ఉండనియ్యుండ్రి," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు కళ్ళు చెమర్చాయి. పొద్దుటి నుంచి అతను ఆమె పక్షాన అన్న మొదటి మాట అది.

ఉమేరా తొడుగులు వేసుకుంది. ముందు బాగున్న ఎడమవైపు చూసింది. మామూలుగా ఎలా ఉండాలో చేతికి తెలియాలంటే మంచిదానితోనే మొదలుపెట్టాలంది. తర్వాత కుడివైపు. ఉబ్బు పైఅంచు వేళ్ళకు దొరుకుతుందో లేదో చూసింది. దొరికింది. దొరక్కుండా పైకి పొట్టలోకి పోతే పేగు జారిన హెర్నియా అనుకోవాలట. నిలబడి దగ్గమంది. దగ్గాడు. చేతికి ఏమీ తన్నలేదు. పొట్ట నొక్కింది, మెడ కింద తడిమింది. అక్కడెందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అప్పుడు లైటు ఆర్పి టార్చి తీసింది.

ఆగయ్య బయట ఆగలేకపోయాడు. కొడుకుకు టార్చి పెట్టే వేళ తాను లేకపోతే ఎలా. పరదా పక్కకు జరిపి తల లోపల పెట్టాడు. ఉబ్బిన సంచి వెనక నుంచి వెలుతురు తగిలి ముందువైపు ఎర్రగా వెలిగింది.

"చెప్పలేదా?" అన్నాడు ఆగయ్య. గొంతులో పండగ. "నీళ్ళే. నేను మొన్ననే చూసిన."

"నీళ్ళున్నయి కాకా," అంది ఉమేరా. లైటు వేసి మళ్ళీ వేళ్ళతో మెల్లగా తడమసాగింది. ఈసారి చాలాసేపు. వేలు ఒకచోట ఆగింది. "ఇక్కడ నొస్తుందా?"

"లేదు."

"గట్టిగ ఒత్తుతున్న. ఇప్పుడు?"

"లేదు మేడం."

"నొస్తే నాకు జర నయముండు," అంది ఆమె.

ఆగయ్య పరదా దాటి లోపలికే వచ్చాడు.

"నీళ్ళే అన్నరు గద," అన్నాడు.

ఉమేరా తొడుగులు తీసేసి ఆయన్ని చూసింది. "బాయిల ఏం పని చేసినవ్ కాకా?"

"టింబర్‌మన్. ముప్పై ఏండ్లు. కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుడు నా పని."

"మా అబ్బా గూడ బాయిలనే చేసిండు. కొత్త కప్పు కిందికి పోయేముందు లైటు కొట్టి చూసి పోయెటోనివా నువ్వు?"

"లైటుకు ఏం తెలుస్తది? రాడ్ తోని తట్టాలె. సప్పుడు ఇనాలె. మంచి కప్పు గణగణమంటది. లోపట పగిలిన కప్పు బోలుగ మోగుతది."

"లైటుకు రెండూ ఒక్కతీర్గనే కనపడ్తయి గద?"

అవునన్నట్టు ఆగయ్య తలూపాడు.

"ఇదీ గట్లనే. ముందు నీళ్ళున్నయి, వెలుతురు వాటికెల్లి దాటింది. నీళ్ళ వెనక బీజంలనే గట్టి గడ్డ ఒకటి ఉన్నది. అది లైటుకు చిక్కదు, చేతికి చిక్కుతది. చేతి మీద గూడ నేను పూర్తిగ నమ్మకం పెట్ట. పక్క బిల్డింగుల స్కానింగు తీపిచ్చుకరాండ్రి." చీటీ రాస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "తమ్ముడూ, చిన్నప్పుడు నీకు రెండు బీజాలూ కిందికి దిగే ఉండెనా?"

వీరేందర్ తల దించుకున్నాడు. రాజకుమారి అత్త వైపు తిరిగింది. సారవ్వ ఎప్పుడు వచ్చిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"కుడి దిక్కుది దిగలే," అంది సారవ్వ. "మూడేండ్ల పిల్లగాడున్నప్పుడే ఆపరేషన్ చెయ్యాలన్నరు. భయమైంది. ఐదో తరగతిల చేపిచ్చినం."

"గదే దిక్కు," అంది ఉమేరా మెల్లగా, రాసుకుంటూ.

"అత్తా, పెండ్లై ఆరేండ్లాయె. నాకొక్కనాడు చెప్పలే."

"సంబంధం మాట్లాడేటప్పుడు గట్లాంటివి ఎవలన్న చెప్తరా?"

"తర్వాత?"

"తర్వాత పాప పుట్టె. ఇంక చెప్పేదేముందే?"

రాజకుమారికి కోపం వచ్చింది, చాలా వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆ చిన్న గదిలో చోటు దొరకలేదు.

*

స్కానింగు కాగితం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఉమేరా రెండుసార్లు చదివింది. ముందు కూర్చోమంది.

"మీకు దాచిపెట్టి చెప్పుడు నాకు రాదు. గడ్డ బీజం లోపటనే ఉన్నది. నీళ్ళ గడ్డ కాదు, గట్టి గడ్డ. దాన్ని ఏ డాక్టరైనా ముందుగాల క్యాన్సర్ అనే అనుకొని నడవాలె. తీసి పరీక్ష చేస్తేనే పక్కా తెలుస్తది. ఒక్క సంగతి మంచిగ ఇనుండ్రి. టైముకు దొరికితే ఈ రకం చానామందికి పూర్తిగ నయమైతది. ఒక బీజం తీసేసినా రెండోదానితోని మనిషి మంచిగనే ఉంటడు, పిల్లలైతరు."

రాజకుమారి మొగుడి చెయ్యి పట్టుకుంది.

మొదట నోరు తెరిచింది ఆగయ్య. "మరి మెడికల్ల పాసైతడా?"

ఆ ప్రశ్న బయటికి వచ్చాక వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది. సారవ్వ మొగుడిని చూసింది. రాజకుమారి చూసింది. వీరేందర్ మాత్రం చూడలేదు. స్కానింగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

"అక్కడి డాక్టరు గూడ చెయ్యి పెట్టి చూస్తడు కాకా," అంది ఉమేరా. "నాకు తగిలింది ఆయనకు తగలదా? రక్తం ఇచ్చి పోండ్రి, మూడు పరీక్షలున్నయి. సోమారం పొద్దుగాల కరీంనగర్‌ల చేరాలె. నేను ఫోన్ చేసి చెప్త."

"మంగళారం చేరుత మేడం," అన్నాడు వీరేందర్. "ఒక్క రోజు."

"ఒక్క రోజుకు పెద్ద ఫరక్ పడదు. అబద్ధమెందుకు చెప్పాలె? ఫరక్ పడేది సూదితోని. మీ ఇంట్ల ఎవరో నీళ్ళు తీస్తమన్నరట గద, నీ భార్య చెప్పింది. గడ్డ ఉన్నకాడ కింది నుంచి గుచ్చితే అది కొత్త దారి పట్టొచ్చు. అందుకే ఆపరేషన్ గూడ గజ్జల్ల నుంచే చేస్తరు. ఆ సూది మాత్రం ముట్టనియ్యకు. నాకు మాటియ్యి."

వీరేందర్ తలూపాడు. ఆ ఊపుడు రాజకుమారికి నచ్చలేదు. అప్పు అడిగినవాడికి చూద్దాంలే అన్నట్టు ఊపాడు.

*

సాయంత్రం ఆగయ్య వాకిట్లో నిలబడి భూపాల్‌కు ఫోన్ చేశాడు. "వద్దు తమ్మీ. రేపు రాకు," అని రెండే మాటలు. పెట్టేసి లోపలికి వస్తే కొడుకు ఎదురుగా ఉన్నాడు.

"ఎందుకు వద్దన్నవ్?"

"డాక్టరమ్మ చెప్పింది ఇనలేదా?"

"నీళ్ళు తీస్తే ఉబ్బు తగ్గుతది. గడ్డ వెనక దిక్కున్నది. సోమారం ఇరవై మందిని చూస్తరు, ఒక్కొక్కనికి నిమిషం గూడ పట్టదు. పాసైతే మంగళారం కరీంనగర్ పోత. రెండూ ఐతయి బాపూ."

"వద్దంటున్న."

"పొద్దుగాల నువ్వే నీళ్ళు మరగబెట్టిపిచ్చినవ్."

ఆగయ్య వంటింట్లోకి పోయి మంచినీళ్ళు తాగాడు. రాజకుమారి అన్నం పెట్టింది. ముగ్గురు తిన్నారు, ఆమె తినలేదు. పాప ఒక్కతే ఆడుకుంటూ అందరినీ పలకరించింది.

ఆదివారం పొద్దున ఏడింటికి వీరేందర్ చొక్కా వేసుకున్నాడు. "మాంసం తెస్త," అన్నాడు.

తొమ్మిదైనా రాలేదు. రాజకుమారి మాంసం కొట్టుకు వెళ్ళి అడిగింది. పొద్దుటి నుంచి అటు రాలేదన్నారు. సెల్లు మోగి మోగి ఆగింది. ఆమె ఇంటికి పరుగున వచ్చి, "మామా, నడువు," అంది. ఎక్కడికని ఆగయ్య అడగలేదు. నడుముకు పట్టీ బిగించుకుంటూనే రోడ్డెక్కాడు.

ఆటోలో ఆయన ఒకే మాట మూడుసార్లు అన్నాడు. "భూపాల్‌కు వద్దని చెప్పిన గద."

షట్టరు సగం దించి ఉంది. ఆగయ్య వంగలేడు. రాజకుమారే కిందికి వంగి రెండు చేతులతో పైకి నెట్టింది. లోపల భూపాల్ తొడుగులు వేసుకుని నిలబడ్డాడు, చేతిలో సూది. బెంచీ మీద వీరేందర్ లుంగీ పైకి చుట్టుకుని పడుకున్నాడు. గోడవైపు తిప్పిన మొహం ఇటు తిరిగింది.

"గుచ్చినవా?" అంది రాజకుమారి.

"ఇంకా గుచ్చలే. ఇప్పుడే..." భూపాల్ బిత్తరపోయాడు. "ఆగయ్యన్న మనసు మార్చుకున్నడని చెప్పిండు వీరేందర్. నువ్వే పంపినవట గద అన్నా?"

"నేను పంపలే," అన్నాడు ఆగయ్య. "లెవ్వురా. ఇంటికి పోదాం."

వీరేందర్ లేవలేదు.

"లెవ్వు," అంది రాజకుమారి. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు. "నాకు నీ నౌకరి వద్దు. నువ్వు కావాలె. బిడ్డకు నువ్వు కావాలె. లెవ్వు."

"నీ సంగతి నాకు ఎర్కనే రాజీ." అతను ఆమెను చూసి, ఆమె వెనకాల నిలబడ్డ తండ్రిని చూశాడు. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "బాపూ, నిన్న క్యాన్సర్ అనంగనే నువ్వు మొదాలు అడిగింది మెడికల్ గురించే."

"తెల్వక అన్న."

"తెల్వక కాదు. రెండేండ్ల సంది అదే అడుగుతున్నవ్. ఇప్పుడు నేనొక్కటి అడుగుత. నౌకరి రాకపాయె అనుకో. క్వార్టరు పాయె అనుకో. ఒక బీజం లేని కొడుకు ఇంట్ల కూసుండే అనుకో. ఇంతకుముందు లెక్కనే చూస్తవా నన్ను?"

చూస్తానని చెప్పడానికే ఆగయ్య నోరు తెరిచాడు. నిజంగానే చెప్పబోయాడు. కానీ ముందుగా కళ్ళముందు సోమవారం మెడికల్ పిలుపు కాగితం మెదిలింది, సామాను రోడ్డు మీద పెట్టిన క్వార్టరు మెదిలింది, బాయిలో గడిపిన ముప్పై ఏళ్ళు మెదిలాయి. ఒక్క క్షణం. మాట ఆ క్షణం ఆలస్యంగా బయలుదేరింది.

వీరేందర్ ఆ క్షణాన్ని చూశాడు. తల మళ్ళీ గోడవైపు తిప్పుకున్నాడు.

"కానియ్యి భూపాలన్నా," అన్నాడు.